ఖాళీగా ఉంటేనే పనికొచ్చే కట్ట

చెరువు నిండితే మన ఊళ్లలో పండగ. అలుగు పారితే పసుపు కుంకుమలు చల్లి కొబ్బరికాయ కొడతారు. ఆ కంటితో అమెరికాలోని పశ్చిమ ఓక్లహోమా పల్లెల్లో కనిపించే మట్టికట్టలను చూస్తే అవి డబ్బు దండగ పనుల్లా తోస్తాయి. వాగుకు అడ్డంగా ముప్పై నలభై అడుగుల ఎత్తున కట్ట ఉంటుంది. దాని వెనుక విశాలమైన లోతట్టు ఉంటుంది. అడుగున మాత్రం కాసిని నీళ్లు, మిగతా అంతా పశువులు మేసే గడ్డి. కాలువ లేదు, ఆయకట్టు లేదు, తూముకు తలుపు కూడా లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ కట్ట ఏ పనీ చేస్తున్నట్టు ఉండదు. నిజానికి ఆ ఖాళీయే దాని సరుకు. రేపు రాబోయే వరదకు చోటు అట్టిపెట్టడానికే దాన్ని కట్టారు. చోటు నిండిపోతే ఆ పూటకు దాని సత్తువ అయిపోయినట్టే.

ఈ కట్టల చరిత్ర ఒక వరదతో మొదలవుతుంది. 1934 ఏప్రిల్ మొదటి వారంలో వాషిటా నది ఎగువన కొన్ని గంటల వ్యవధిలో దాదాపు పద్నాలుగు అంగుళాల వాన కురిసింది. హామన్ అనే చిన్న ఊరి దగ్గర పదిహేడు మంది కొట్టుకుపోయారు. దుమ్ము తుపానులతో అల్లాడుతున్న కాలం అది. ఎండకు ఎండి, గాలికి ఎగిరి, పైమట్టి పోయిన నేల మీద వాన పడితే అది ఇంకదు, జారుతుంది. కరువూ వరదా ఒకే జబ్బుకు రెండు లక్షణాలని అక్కడి రైతులకు అర్థమైంది. 1935లో అమెరికా వ్యవసాయ శాఖలో ఏర్పడిన నేల పరిరక్షణ విభాగం, సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్, మొదట చేపట్టిన పని కూడా ఆనకట్టలు కాదు, పొలం గట్లు. వాలుకు అడ్డంగా దున్నడం, బీళ్లలో గడ్డి పెంచడం, గండ్లు పూడ్చడం. 1944 వరద నియంత్రణ చట్టం పదకొండు పరీవాహక ప్రాంతాల్లో ఎగువ కట్టలకు అనుమతి ఇచ్చింది. వాటిలో వాషిటా ఒకటి. ఆ చట్టం కింద దేశంలో పూర్తయిన మొదటి కట్ట 1948 జూలైలో కార్డెల్ పట్టణం దగ్గర క్లౌడ్ క్రీక్ మీద లేచింది. ఆ పక్కనే రోజర్ మిల్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) శాండ్‌స్టోన్ క్రీక్ పరీవాహకం మొత్తాన్ని ఇరవైనాలుగు కట్టలతో అదుపులోకి తెచ్చారు. 1954లో అధ్యక్షుడు ఐజన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో ఈ పద్ధతి దేశమంతటికీ వర్తించింది. ఇప్పటికి 47 రాష్ట్రాల్లో ఇలాంటివి 11,800 పైచిలుకు ఉన్నాయి. ఒక్క ఓక్లహోమాలోనే రెండు వేలకు పైగా.

ఆ 1954 చట్టంలో మన జలవనరుల శాఖలు చదవాల్సిన షరతు ఒకటుంది. కట్టకు పైనున్న భూమిలో కనీసం సగం విస్తీర్ణానికి చెందిన యజమానులు తమ పొలాల్లో నేల కోత ఆపే పనులు చేస్తామని ముందే ఒప్పుకోవాలి. అప్పుడే సర్కారు కట్ట కడుతుంది. పైన కోత ఆగకపోతే కింద కట్ట పూడిపోతుందనే లెక్క అందులో ఉంది. మన దగ్గర పూడిక తీతకు పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు కూడా పూడిక ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న మీద పెట్టం.

కట్ట లోపలి ఏర్పాటు మన చెరువు తెలిసినవారికి సులువుగానే అర్థమవుతుంది. నీటి చోటు మూడు అంతస్తులుగా ఉంటుంది. అట్టడుగున పూడిక కోసం వదిలిన భాగం. చాలా కట్టల్లో యాభై ఏళ్ల పూడికకు సరిపోయేలా దీన్ని లెక్కగట్టారు. అది పూడే దాకా అక్కడ నీళ్లు నిలుస్తాయి. పశువులు తాగుతాయి, పిల్లలు చేపలు పడతారు. దాని పైన అసలైన భాగం, వరద చోటు. ఈ రెండింటి హద్దులో నిలువుగా ఒక కాంక్రీటు బురుజు లేచి ఉంటుంది. దాని నోటికి చెత్త పడకుండా ఇనుప జాలీ ఉంటుంది. అంత ఎత్తుకు చేరిన నీరు బురుజులోకి దిగి, కట్ట అడుగున వేసిన గొట్టం గుండా అవతలికి పోతుంది. అదే తూము, కానీ దానికి తలుపు లేదు. వరద చోటు కూడా నిండితే, కట్టకు ఒక పక్కన సహజమైన గట్టు నేలను తొలిచి, గడ్డి పెంచిన వెడల్పాటి దారి ఒకటి ఉంటుంది. అది అలుగు. దానికీ కట్ట శిఖరానికీ మధ్య మరికొన్ని అడుగులు. నీరు అలుగెక్కాలి గాని కట్టెక్కకూడదు.

గొట్టం సన్నగా ఉండటంలోనే అసలు సంగతి ఉంది. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. అయిదు చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద పెద్ద వాన కురిసి, అందులో వంద మిల్లీమీటర్లు ఇంకకుండా వాగులోకి వచ్చాయనుకుంటే అది అయిదు లక్షల ఘనపు మీటర్ల నీరు. కట్ట లేనప్పుడు అది మూడు గంటల్లో దిగిపోతే సగటు ప్రవాహం సుమారు 1,600 క్యూసెక్కులు. వంతెనలు లేపుకుపోయే వరద అది. అదే నీటిని కట్ట ఆపి పది రోజుల్లో వదిలితే సగటున ఇరవై క్యూసెక్కులు. అంటే మామూలు వాగు. ఒక్క చుక్క కూడా తగ్గలేదు. మారింది వేళ ఒక్కటే. వరద చోటులో అత్యధిక భాగం పది రోజుల్లో ఖాళీ కావాలనే కొలమానంతోనే గొట్టం పరిమాణాన్ని నిర్ణయిస్తారు. మరీ ఆలస్యమైతే రెండో వానకు చోటు ఉండదు. మరీ త్వరగా వదిలితే కట్ట ఉన్నా లేనట్టే.

తలుపు లేకపోవడం పేదరికం వల్ల కాదు. ఇలాంటి వాన ఎక్కువగా రాత్రిపూట, ఉరుముల మధ్య, రోడ్లు తెగిన వేళ వస్తుంది. కట్ట దగ్గర మనిషి ఉండడు. ఉన్నా ఏ తలుపు ఎప్పుడు ఎత్తాలో ఆ చీకట్లో నిర్ణయించలేడు. మనిషి నిర్ణయం మీద ఆధారపడే కట్టడం ఎలా దెబ్బతింటుందో 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు దగ్గర చూశాం. ఎగువన పింఛా కట్ట తెగింది. పోటెత్తిన ప్రవాహం స్పిల్‌వే శక్తిని మించింది. ఉన్న అయిదు గేట్లలో ఒకటి పని చేయలేదు. నీరు మట్టికట్ట మీదుగా పొర్లి దాన్ని కోసుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లు తేరుకోలేని దెబ్బ తిన్నాయి. అది సాగునీటి ప్రాజెక్టు, నీళ్లు నిల్వ చేయక తప్పదు కాబట్టి గేట్లు తప్పవు. వరదను ఆపడమే ఏకైక పనిగా పెట్టుకున్న కట్టకు మాత్రం ఆ తలనొప్పి అక్కర్లేదు. భూమ్యాకర్షణ ఒక్కటే దాని లస్కరు.

అయితే ఈ కట్టలను మితిమీరి పొగిడినవాళ్లూ ఉన్నారు. 1940లు, 50లలో అమెరికాలో దీని మీద పెద్ద తగువే నడిచింది. సైనిక ఇంజనీర్ల విభాగం పెద్ద నదుల మీద పెద్ద ఆనకట్టలు కావాలంది. వ్యవసాయ శాఖ మనుషులు, వాళ్ల వెనుక మునిగిపోయే పొలాల రైతులు, వాన పడ్డ చోటే పట్టుకుంటే పెద్ద ఆనకట్టతో పనేముందన్నారు. ఇద్దరిలో ఎవరిదీ పూర్తి నిజం కాదు. చిన్న కట్ట తన వెనుకనున్న నేల మీద పడిన వానను మాత్రమే ఆపగలదు. కట్టకు దిగువన అయిదారు మైళ్ల దాకా దాని ప్రభావం గట్టిగా ఉంటుంది. ఆపై కట్టలు లేని ఉపవాగులు వచ్చి కలిసేకొద్దీ పలచబడుతుంది. పరీవాహకంలో సగానికి కట్టలు కట్టి, వాన మిగతా సగం మీద కురిస్తే చేసేదేమీ లేదు. మహానగరాన్ని ముంచే నదీ వరదను పల్లె కట్టలు ఆపలేవు. కానీ మహా ఆనకట్ట కూడా తనకు పైనున్న వందల మైళ్ల వాగు లోయల్లోని పొలాలను, పల్లె వంతెనలను కాపాడలేదు. ఆ పొలాల్లో ఏటా రెండు మూడుసార్లు వచ్చే చిన్న వరదలు పదేళ్లకోసారి వచ్చే పెద్ద వరద కంటే ఎక్కువ నష్టం చేస్తాయి. చిన్న కట్ట గెలిచేది అక్కడే.

వరుసగా రెండు వానలు వస్తే ఏమవుతుందన్నది ఇంకో చిక్కు. మొదటి వానకు చోటు నిండి, అది ఖాళీ అయ్యేలోపు రెండోది వస్తే నీరు అలుగెక్కుతుంది. అది తప్పు కాదు, దాని రూపకల్పనలో ఉన్నదే. కట్ట స్థాయిని బట్టి పాతికేళ్లకో, యాభై ఏళ్లకో, వందేళ్లకో ఒకసారి అలుగు పారవచ్చని లెక్క కడతారు. ఈ వందేళ్ల మాట జనాన్ని బాగా తప్పుదారి పట్టిస్తుంది. నిన్న వచ్చింది కాబట్టి ఇక వందేళ్ల దాకా రాదని కాదు దానర్థం. ఏ ఏడైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి. యాభై ఏళ్లు బతికే కట్టకు తన జీవితకాలంలో అలాంటి వరద ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం దాదాపు నూటికి నలభై.

మట్టికట్ట పోయే దారులు మన ఊరి పెద్దలకు తెలిసినవే. ఒకటి, మీదుగా పొర్లడం. రెండు, లోపలి నుంచి ఊట పట్టి బుంగ పడటం. మొదటిది వెడల్పైన అలుగుతో తప్పుతుంది. రెండోది మొండిది, ఎందుకంటే బయటికి కనిపించదు. ఓక్లహోమా, మిసిసిపీ రాష్ట్రాల్లో 1950లు, 60లలో చక్కగా దిమ్మిస కొట్టి కట్టిన కొన్ని కట్టలు మొదటిసారి నీరు నిండగానే బుంగ పడి తెగిపోయాయి. ఇంజనీర్లకు అంతు పట్టలేదు. మట్టి బంకమన్నే, గట్టిగానే ఉంది. చివరికి తేలిందేమిటంటే, కొన్ని రకాల బంకమట్టిలో సోడియం ఎక్కువగా ఉంటుంది. మంచినీరు తగలగానే దాని రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి నీటిలో తేలిపోతాయి. ఎంత గట్టిగా దిమ్మిస కొట్టినా వెంట్రుకవాసి బీట ఒకటి చాలు, నీరు దాన్ని గంటల్లో సొరంగం చేస్తుంది. మామూలు నేల పరీక్షల్లో ఇది బయటపడదు. మట్టి దిమ్మకు సూది మొనంత రంధ్రం చేసి, అందులోంచి నీరు పంపి, బయటికి వచ్చే నీరు తేటగా ఉందా మురికిగా ఉందా చూసే పరీక్షను 1970లలో ఇంజనీరు జేమ్స్ షెరార్డ్, ఆయన సహచరులు రూపొందించారు. అలాంటి మట్టికి సున్నం కలపడం, ఇసుక వడపోత పొర వేయడం అప్పటి నుంచి అలవాటైంది. ఊట నీరు తేటగా ఉంటే పర్వాలేదు, బురదగా వస్తే ప్రమాదమని మన నీరటికాళ్లు ఎప్పటి నుంచో చెప్పే మాటకు ప్రయోగశాల రూపం అది.

గొట్టం చుట్టూ ఇంకో పాఠం దొరికింది. కట్టకు అడ్డంగా వేసిన గొట్టం వెంబడి నీరు జారకుండా పాతకాలంలో దాని చుట్టూ కాంక్రీటు పలకలను పట్టీల్లా బిగించేవారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ పలకల మూలల్లో పెద్ద రోలరు తిరగదు, మట్టి వదులుగానే ఉండిపోతుంది. నీటిని ఆపడానికి పెట్టినదే నీటికి దారి ఇచ్చింది. 1980ల నుంచి ఆ పద్ధతి వదిలేసి, గొట్టం చుట్టూ ఇసుక గోడ ఒకటి పెడుతున్నారు. అది నీటిని ఆపదు. నీటిని పోనిచ్చి, మట్టి రేణువును మాత్రం పట్టుకుంటుంది. ఊటను పూర్తిగా ఆపాలనే పట్టుదల మాని, దాన్ని మట్టి లేకుండా బయటికి పంపితే చాలనుకోవడం మట్టికట్టల విద్యలో వచ్చిన పెద్ద మార్పు.

ఇక నిత్య మరమ్మతులు. కట్ట మీద చెట్టు మొలిస్తే నరకాలి. అది చచ్చాక కుళ్లిన వేరు నీటికి దారి. పశ్చిమ ఓక్లహోమాలో ఎర్ర సెడార్ మొక్కలు వదిలేస్తే పదేళ్లలో కట్టను కమ్మేస్తాయి. బొరియలు తవ్వే జంతువులు, జాలీకి కొమ్మలు అడ్డం పెట్టి నీటిని ఆపేసే బీవర్లు, ఒకే దారిన ఎక్కిదిగి గాడి చేసే పశువులు, అన్నీ కట్టకు శత్రువులే. ముడతల ఇనుప గొట్టాలు వేసిన చోట తుప్పు తన పని తాను చేస్తూ పోయింది. ఇవన్నీ చూసుకోవాల్సింది ఎవరు? కట్ట నిర్మాణం ఖర్చు కేంద్ర ప్రభుత్వానిది, స్థలం రైతు ఉచితంగా రాసిచ్చిన హక్కు, నిర్వహణ స్థానిక నేల పరిరక్షణ సంఘానిది. ఆ సంఘానికి పన్ను వేసే అధికారం చాలా చోట్ల లేదు. గడ్డి కోయడానికే డబ్బులు వెతుక్కునే సంఘం పాతిక ముప్పై కట్టలకు జవాబుదారీ.

ఇంతవరకూ చెప్పిన లోపాలన్నీ కట్టలోనివి. వీటన్నిటి కంటే పెద్ద చిక్కు కట్టకు బయట ఉంది. ఆనకట్టలను ప్రమాద తరగతులుగా విభజించేటప్పుడు కట్ట ఎంత బలంగా ఉందన్నది చూడరు. అది తెగితే కింద ఎవరు పోతారన్నదే చూస్తారు. దిగువన పొలాలే ఉంటే తక్కువ ప్రమాద తరగతి. ముఖ్యమైన రోడ్డో, రైలు దారో, మనుషులుండని కట్టడాలో దెబ్బతినేలా ఉంటే నడిమి తరగతి. మనుషులు నివసించే ఇళ్లుంటే ఎక్కువ ప్రమాద తరగతి. 1950, 60లలో కట్టిన కట్టల్లో అత్యధికం మొదటి తరగతివి. కింద జొన్న చేలు, పత్తి చేలే కదా అని అలుగు వెడల్పు, కట్ట ఎత్తు ఆ లెక్కన కుదించారు. అది తప్పేం కాదు, పొలం పోతే పంట పోతుంది, అంతే. తర్వాత నలభై యాభై ఏళ్లు వరద రాలేదు. రాలేదంటే కట్ట రానివ్వలేదు. వాగు పక్క నేల భద్రంగా కనిపించింది. చౌకగా దొరికింది. ఇళ్లు లేచాయి. కొన్నవాళ్లలో చాలామందికి పైన ఉన్న గడ్డి దిబ్బ ఆనకట్ట అనే సంగతే తెలియదు. కట్టలో ఒక్క తట్ట మట్టి కూడా మారకుండానే అది మొదటి తరగతి నుంచి మూడో తరగతికి ఎక్కింది. చేలను కాపాడటానికి సరిపోయిన అలుగు ఇప్పుడు ఇళ్లను కాపాడటానికి చాలదు. ఎక్కువ ప్రమాద తరగతి కట్టకు ఆ ప్రాంతంలో ఊహకందే గరిష్ఠ వానను తట్టుకునే అలుగు ఉండాలి. పాత అలుగు దాని దరిదాపుల్లో ఉండదు.

కట్ట విజయమే దాని ముప్పు పెంచిందన్న మాట. వరదను ఆపలేని కట్ట కింద ఎవరూ ఇల్లు కట్టుకోరు.

ఈ తర్కం మనకు కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అవి చిన్న మట్టికట్టలు కావు. కానీ మొదటి ఉద్దేశం అదే, వరదను పైనే పట్టి ఉంచడం. తర్వాత అవి నగరానికి తాగునీటి చెరువులయ్యాయి. తాగునీరు కావాలంటే నిండుగా ఉండాలి, వరద ఆపాలంటే ఖాళీగా ఉండాలి. ఈ రెండు కోరికల మధ్య గేట్లు ఎప్పుడు ఎత్తాలన్న తగువు ప్రతి పెద్ద వానకూ వస్తుంది. ఈలోపు దిగువన, ఏళ్ల తరబడి పొడిగా ఉన్న మూసీ గర్భంలోకి ఇళ్లు దిగాయి. కట్ట స్వభావం వేరైనా కింద జనం చేసిన పని ఒకటే.

మన పల్లె చెరువులకూ వరదను మెత్తబరిచే గుణం ఉంది. మిషన్ కాకతీయ లెక్క ప్రకారం తెలంగాణలోనే అవి 46 వేలకు పైగా. గొలుసుకట్టులో పై చెరువు అలుగు నీరు కింది చెరువులోకి చేరేలోపు వరద వేగం తగ్గుతుంది. అయితే అది చెరువు సగం వెలితిగా ఉన్నప్పుడే. భాద్రపదం నాటికి నిండిన చెరువు మీద పడే తుపాను వానకు మిగిలేది అలుగు ఒక్కటే. పై చెరువు తెగితే దాని నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. నిల్వకు కట్టిన కట్టను వరద కట్టగా లెక్క వేసుకుని ధైర్యంగా ఉండటం కుదరదు. 2021 ఆనకట్టల భద్రతా చట్టం కూడా వీటికి పెద్దగా అక్కరకు రాదు. పదిహేను మీటర్లు దాటినవి, పది నుంచి పదిహేను మీటర్ల మధ్య ఉండి కొన్ని షరతులకు సరిపోయేవే దాని పరిధిలోకి వస్తాయి. ఊరి చెరువుల్లో అత్యధికం ఆ కొలతకు లోపే ఉంటాయి. కింద పాఠశాల ఉన్నా, కాలనీ ఉన్నా కొలత మారదు. కట్ట ఎత్తు కాకుండా కింద ఉన్న ప్రాణాలు కొలమానం కావాలన్న ఒక్క విషయం ఓక్లహోమా నుంచి తెచ్చుకోదగ్గది.

అమెరికా ఈ వార్ధక్య సమస్యకు 2000లో ఒక చట్టం చేసింది. పాత కట్టను బాగుచేయాలంటే ఖర్చులో 65 శాతం కేంద్రం ఇస్తుంది, మిగతాది స్థానికులు తెచ్చుకోవాలి. దాని కింద మొదట్లోనే పని జరిగిన చోట్లలో 1934 వరద చూసిన అదే రోజర్ మిల్స్ కౌంటీ ఉంది. కట్టను ఎత్తు పెంచవచ్చు, అలుగు వెడల్పు చేయవచ్చు, చోటు లేకపోతే కట్ట ఒళ్లంతా కాంక్రీటు దిమ్మెలు పరిచి దాని మీదుగానే నీరు పొర్లేలా చేయవచ్చు, గొట్టం మార్చవచ్చు. లేదా కట్టకు కావాలనే గండి కొట్టి వాగును పూర్వంలా వదిలేయవచ్చు. కింద ఉన్న నాలుగైదు ఇళ్లను కొని ఖాళీ చేయించడం వీటన్నిటికంటే చౌక అయ్యే సందర్భాలూ ఉంటాయి. అయితే ఇళ్లు మళ్లీ రాకుండా చూసే అధికారం కట్ట బాధ్యత మోస్తున్న సంఘానికి లేదు. ఇలాంటి కట్టలు దాదాపు రెండు వేలున్న టెక్సాస్‌లో, ఊరి పరిధి బయట ఏ నేల మీద ఏం కట్టాలో నిర్ణయించే సాధారణ అధికారం కౌంటీ ప్రభుత్వానికే లేదు. అలుగు మళ్లీ ఇరుకయ్యేది అక్కడే: లక్షల డాలర్లు పోసి కట్టను పై తరగతికి మార్చిన ఏడాదే దిగువ వాగు ఒడ్డున కొత్త ప్లాట్లకు రాళ్లు పాతితే, సంఘం ఆ అమ్మకందారుకు ఒక ఉత్తరం రాయగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు.